మోకాలి కింద నాలుగంగుళాలు

కాలు లేని మనిషిని చూసి, రెండు కాళ్ళున్న మనిషి కుళ్ళుకోవడం ఎక్కడైనా ఉంటుందా? నేను కుళ్ళుకున్నాను. ఒక రోజూ రెండు రోజులూ కాదు, ఏళ్ళ తరబడి. ఆ మనిషి నా తోడికోడలు, మా మరిది భార్య. ఈ మాట రాస్తున్నప్పుడు సిగ్గుపడాలి గానీ, సిగ్గుకంటే ఆనాటి కడుపుమంటే నాకు ఇంకా బాగా గుర్తుంది.

మా అత్తవారిది రేపల్లె దగ్గర పల్లె. నేను పిట్టలవానిపాలెం నుంచి పెద్దకోడలిగా వచ్చాను. రెండేళ్ళ తర్వాత ఆమె జంపని నుంచి చిన్నకోడలిగా వచ్చింది. నా పుట్టింటివాళ్ళు కలిగినవాళ్ళు. ఆమెకు తండ్రి లేడు, తల్లే పొలం చూసుకుని పెంచింది. అందంలో ఇద్దరం ఇద్దరమే అనుకున్నా, పనిలో మాత్రం వచ్చిన నెల రోజులకే నన్ను దాటిపోయింది. నేను పులుసు పెడితే అత్తగారు "బాగుంది" అనేవారు. ఆమె పెడితే "ఎట్టా చేశావే అమ్మాయ్?" అని అడిగేవారు. ఈ రెండు మాటలకీ ఉన్న తేడా పడ్డవాళ్ళకే తెలుస్తుంది. అంటే కాళ్ళ గొడవ రాకముందే నాకు ఆమె అంటే గిట్టేది కాదు.

అరవైల చివర్లో ఒక వేసవిలో పక్క ఊళ్ళో గృహప్రవేశానికి ఆడవాళ్ళందరం ట్రాక్టరు ట్రక్కులో వెళ్ళాం. ఇంట్లోకి ట్రాక్టరు వచ్చిన కొత్త. ఎడ్లబండి కట్టమంటే నామోషీగా ఉండేది మాకు. తిరిగి వచ్చేటప్పుడు నేను గాలి తగులుతుందని వెనక అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాను. "నువ్వూ రా" అని ఆమెను నేనే పిలిచాను. కాలవకట్ట మీద మలుపులో ట్రక్కు కొక్కెం ఊడింది. ట్రక్కు పక్కకు ఒరిగి కట్ట దిగువకు బోర్లాపడింది. మిగతావాళ్ళు గట్టు మీదికి విసిరేసినట్టు పడ్డారు, గీరుకుపోవడమే తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. ట్రక్కు ఇనుప అంచు మాత్రం నా కుడి కాలి మీదా, ఆమె ఎడమ కాలి మీదా పడింది. ఇద్దరికీ మోకాలి కిందే.

తెనాలిలో ఒక ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టారు. డాక్టరుగారు నెమ్మదస్తుడు, విషయం ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. తెల్లవారేసరికి ఆమె పాదం చల్లబడి నల్లగా అయిపోయింది. రక్తం పోయే నరాలు తెగిపోయాయని, తీసెయ్యక తప్పదని చెప్పారు. జంపని నుంచి వచ్చిన ఆమె తల్లి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"పిల్ల బతుకుద్దా బాబూ?"

"బతుకుతుందమ్మా."

"అయితే తీసెయ్యండి. ఆలస్యం చెయ్యొద్దు."

ఆ తల్లి ఏడవలేదు కూడా. పక్క మంచం మీద నుంచి వింటున్న నేను, ఏం తల్లిరా ఇది అనుకున్నాను.

తర్వాత నా మంచం దగ్గరకొచ్చారు. నా పాదం ఇంకా వెచ్చగా ఉంది. కానీ ఎముక ముక్కలై, కండ నలిగి, కాలవ బురదంతా గాయంలోకి పోయింది. "నిలబెట్టడానికి ప్రయత్నించొచ్చు. ఎన్ని ఆపరేషన్లు కావాలో, ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేను. చివరికి ఆ కాలు ఎంతవరకు పనికొస్తుందో కూడా చెప్పలేను. తీసేస్తే మూడు నాలుగు నెలల్లో లేచి తిరుగుతారు. ఆలోచించుకోండి" అన్నారు డాక్టరుగారు.

ఆలోచించేది ఏముంది? మా నాన్న కేకలేశారు. "ఎన్ని ఆపరేషన్లయినా చెయ్యండి, ఎంతైనా పెడతాను. నా కూతురికి రెండు కాళ్ళూ ఉండాల్సిందే" అన్నారు. మా అమ్మ ఇంకో మాట అంది. "నలుగురూ పేరంటానికి పిలిస్తే, దీనికి దేనికి రాస్తారు పసుపు?" అంది. ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా ముందు ముత్తైదువ పాదాలకు పసుపు రాసి, ఆ తర్వాతే బొట్టూ తాంబూలమూ ఇస్తారు. ఒంటి పాదంతో వెళ్ళిన మనిషికి ఏం చెయ్యాలో మా వైపు ఎవరికీ తెలియదు. మా ఆయన సంతకం పెట్టారు. నన్నడిగినా నేనూ అదే చెప్పేదాన్ని, కాబట్టి ఎవరినీ తప్పుపట్టను.

మధ్యాహ్నం ఆమెను ఆపరేషన్ గది నుంచి తీసుకొచ్చారు. ఎడమ మోకాలి కింద దుప్పటి అణిగిపోయి ఉంది. అయ్యో పాపం అనుకున్నాను. ఆ వెంటనే, నాకు ఉంది అనుకున్నాను. ఆ రెండో మాట ఎంత తియ్యగా ఉందో నాకిప్పటికీ గుర్తే.

మూడు నెలలకు ఆమె చంకకర్రలతో ఇంటికి వెళ్ళింది. నేను ఆసుపత్రిలోనే ఉన్నాను. తొడ మీద చర్మం తీసి కాలి మీద అతికించారు. తుంటి ఎముకలోంచి ముక్క తీసి కాలి ఎముకలో పెట్టారు. అది అతుక్కోకపోతే ఇంకో ముక్క తీశారు. పిండికట్టు వేశారు, విప్పారు, మళ్ళీ వేశారు. ఏడాది దాటాక ఇంటికొచ్చాను. కాలు రెండంగుళాలు పొట్టిదైపోయింది. చీలమండ వంగదు. కర్ర లేకుండా నాలుగడుగులు వెయ్యలేను. అయినా నాది నా కాలే. ఆమెకు మద్రాసులో చెక్కతో, తోలు పట్టీలతో కట్టుడుకాలు చేయించారు. నడుస్తుంటే కిర్రుకిర్రుమనేది. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా నాకు లోపల కాస్త హాయిగా ఉండేది. ఉన్నమాట చెబుతున్నాను.

నా గొప్పంతా పేరంటాల్లో తెలిసేది. ఆమెను మొదట్లో పిలిచేవాళ్ళు. పసుపు గిన్నె పట్టుకుని కూర్చున్న ఇల్లాలు ఆమె కుడి పాదానికి రాసి, ఎడమ వైపు చూసి, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక గిన్నె వైపు చూసేది. అలా రెండుసార్లు జరిగాక ఆమె తలనొప్పి అనో, పాలు పితకాలనో చెప్పి ఇంట్లోనే ఉండిపోయేది. అత్తగారు నన్నే తీసుకెళ్ళేవారు. నేను పీట మీద కూర్చోలేను కాబట్టి కుర్చీ వేసేవాళ్ళు. మహారాణిలా కూర్చుని రెండు కాళ్ళూ చాచేదాన్ని. కుడి పాదానికి స్పర్శ లేదు. నరం ఎప్పుడో చచ్చిపోయింది. పసుపు రాస్తున్నారో లేదో వంగి చూస్తేగానీ తెలిసేది కాదు. అయినా "చల్లగా ఉందమ్మా" అనేదాన్ని. ఇంటికొచ్చాక వాకిట్లో ఆమె కనపడేచోట కూర్చుని, పసుపు ఆరేదాకా కాళ్ళు కడుక్కునేదాన్ని కాదు.

కానీ రెండో ఏడు వచ్చేసరికి కథ మారింది. నా కాలి మీద అతికించిన చర్మం పక్కన చిన్న రంధ్రం పడింది. దాంట్లోంచి చీము రావడం మొదలైంది. రెండు మూడు నెలలకోసారి జ్వరం వచ్చేది, కాలు ఎర్రగా ఉబ్బేది, తెనాలి వెళ్ళి కోయించుకుంటే తగ్గేది, మళ్ళీ వచ్చేది. ఒక్కోసారి బియ్యపు గింజంత ఎముక ముక్క చీములోంచి బయటికొచ్చేది. పెన్సిలిన్ ఇంజెక్షన్లకు తుంట్లు రాళ్ళయిపోయాయి. ఎంత కడిగినా, ఎన్ని గుడ్డలు మార్చినా వాసన పోయేది కాదు.

అదే సమయానికి ఆమె కర్ర కూడా వదిలేసింది. కిర్రుకిర్రుమంటూనే కళ్ళంలో వడ్లు ఎత్తించేది. రేపల్లెలో రైలెక్కి తెనాలి వెళ్ళి, చీరలు కొనుక్కుని, సినిమా చూసి సాయంత్రానికి తిరిగొచ్చేది. ఒకరోజు గడప దాటుతూ నన్ను చూసి, "నీకేమైనా తేవాలా అక్కయ్యా?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను తెనాలి ఎందుకు వెళ్తానో ఆమెకు తెలియదా? చీము కోయించుకోవడానికి వెళ్తాను. ఆమె సినిమాకి వెళ్తుంది. కాలున్నది ఎవరికి, లేనిది ఎవరికి?

ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. మా అమ్మాయి నాకు ప్రమాదం జరిగేనాటికి ఏడాదిన్నర పిల్ల. ఆమె ఇంటికెళ్ళిన దగ్గర్నుంచీ, నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ దాన్ని పెంచింది ఆమే. నేనొచ్చాక కూడా అది ఆమె ఒళ్ళోనే అన్నం తినేది. ఒకరోజు దగ్గరకు రమ్మంటే ముక్కు మూసుకుంది. నాలుగేళ్ళ పిల్ల, దానికేం తెలుసు! "పిన్ని దగ్గర పడుకుంటాలే అమ్మా" అంది. ఆమె పిల్లను మందలించి నా దగ్గరకు తోసింది. ఆ తోయడం చూసి నాకు మరీ మండింది. నా కూతుర్ని నాకు దానం చేస్తున్నట్టుంది.

ఆరోజు నుంచి ఆమె నడక చూడటమే నాకు పనైపోయింది. మెట్లెక్కడం, బిందె ఎత్తడం, పొయ్యి ముందు కూర్చుని లేవడం, ప్రతిదీ లెక్కపెట్టినట్టు చూసేదాన్ని. తూలి పడుతుందేమోనని కాదు, పడితే బాగుండునని.

నాలుగో ఏడు తెనాలి డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి, కిటికీ వెలుతురులో పెట్టి మా ఆయనకూ నాకూ చూపించారు.

"ఎముక కుళ్ళుతోందమ్మా. ఇది పైకి పాకుతుంది. ఇవాళ్టికి మోకాలు శుభ్రంగా ఉంది. ఇప్పుడు తీస్తే మోకాలి కింద నాలుగంగుళాలు మిగులుతుంది. ఆ నాలుగంగుళాలుంటే చాలు, కట్టుడుకాలు పెట్టుకుని మీ తోడికోడలిలా నడుస్తారు" అన్నారు.

అన్నీ బాగానే చెప్పారు. ఆ చివరి మాట ఒక్కటి అనకుండా ఉంటే సరిపోయేది. నాలుగేళ్ళు, ఏడు ఆపరేషన్లు, మా నాన్న అమ్మేసిన పొలం, నేను పడ్డ నరకం, ఇదంతా చివరికి ఆమెలా నడవడానికా? మూడు నెలల్లో ఆమె చేరిన చోటికి, నాలుగేళ్ళ తర్వాత నేను ఆమె వెనకాల చేరాలా?

"వద్దండి" అన్నాను.

"బాగా ఆలోచించుకోమ్మా. మోకాలు పోతే తర్వాత మీరు కావాలన్నా రాదు."

"వద్దన్నాను కదండీ."

మా ఆయన, "నీ ఇష్టం" అన్నారు. ఆయన ఎప్పుడూ అంతే.

విషయం ఇంట్లో తెలిసింది. సాయంత్రం ఆమె నా గదిలోకొచ్చి మంచం పక్కన కూర్చుంది. "తీయించెయ్ అక్కయ్యా. ఆ పీడ వదిలిపోద్ది. మొదట్లో కష్టంగానే ఉంటది గానీ, నేనున్నాగా, దగ్గరుండి నడక నేర్పిస్తాను" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. నాకు అవి కనపడలేదు. నేర్పిస్తాను అన్న మాటే వినపడింది.

"ఏంటి, నీకు తోడు కావాలా? ఒంటికాలి వాళ్ళు ఇద్దరుంటేగానీ నీకు తోచదా?" అన్నాను.

ఆమె లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

నాకు ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరికీ చెప్పలేదు. మాఘంలో మా ఆడపడుచు పెళ్ళి పెట్టుకున్నాం. పెద్దకోడలిగా ముందు వరసలో కూర్చునేది నేనే. ఆ పెళ్ళికి నేను కూడా ఒంటికాలితో వెళ్తే, ఇంక ఆమెకంటే నాకు ఎక్కువేముంటుంది?

పెళ్ళి మా ఊళ్ళోనే జరిగింది. పెళ్ళికొడుకు వాళ్ళది బాపట్ల. మూడో రోజు అక్కడ సత్యనారాయణ వ్రతానికి పెళ్ళికూతుర్ని తీసుకుని మేమిద్దరం, అత్తగారూ వెళ్ళాం. వాళ్ళది మేడ ఇల్లు, వ్రతం పైన. నన్ను కుర్చీతో సహా ఇద్దరు మోసుకెళ్ళి పైన కూర్చోబెట్టారు. ఆమె సారె పళ్ళేలు మోసుకుంటూ పైకీ కిందికీ పది సార్లు తిరిగింది. చీర నేల దాకా కట్టింది, సన్నాయి మోతలో కిర్రు వినపడలేదు. పెళ్ళికొడుకు తల్లి నా పక్కనే కూర్చుని ముచ్చటగా చూస్తోంది.

"ఆ చురుకైన అమ్మాయి ఎవరండీ? కాలు ఒక చోట నిలవట్లేదే!" అంది.

నేను ఊరుకోవచ్చు. మా మరిది భార్యండీ అని చెబితే సరిపోయేది.

"ఆమెకు ఎడమ కాలు లేదండి. అది కట్టుడుకాలు" అన్నాను. నలుగురికీ వినపడేలాగే అన్నాను.

పళ్ళెం పట్టుకుని ఆమె అక్కడే నిలబడిపోయింది. ఆ ముఖం ఎర్రబడటం చూసి, ఇప్పుడు తెలిసిందా అనుకున్నాను.

పెళ్ళికొడుకు తల్లి లేచింది. ఆమె చేతిలో పళ్ళెం తీసి పక్కన పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, పసుపు గిన్నె తెచ్చుకుని ఎదురుగా కింద కూర్చుంది. కుడి పాదానికి రాసింది. తర్వాత చీర కుచ్చిళ్ళు కాస్త జరిపి ఎడమ పాదం, ఆ చెక్క పాదం, ఒళ్ళోకి తీసుకుని వేళ్ళ నుంచి మడమ దాకా రాసింది.

"ఏ కాలైతే ఏంటమ్మా, నడిపిస్తోంది కదా" అంది.

నా తోడికోడలు వెక్కివెక్కి ఏడ్చింది. మా అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. పెళ్ళికొడుకు తల్లి తర్వాత నా దగ్గరకొచ్చి నా పాదాలకూ రాసింది. చల్లగా ఉంది అనలేకపోయాను. ఆ చెక్కకూ తెలియలేదు, నా కుడి పాదానికీ తెలియలేదు. ఇద్దరికీ ఒకటే పసుపు. ఒక్క తేడా ఏమిటంటే, ఆమె పది సార్లు మెట్లెక్కింది, నన్ను మోసుకొచ్చారు.

బుద్ధి ఉన్న మనిషైతే మర్నాడే తెనాలి వెళ్ళి కాలు తీయించుకునేది. నేను వెళ్ళలేదు. ఇప్పుడు తీయించుకుంటే ఆ పసుపు చూసి తీయించుకున్నట్టు ఆమెకు అర్థమైపోతుంది. ఆమె గెలిచినట్టవుతుంది. జ్వరం వస్తే మాత్రలు మింగాను. చీము వస్తే గుడ్డ మార్చాను. నొప్పి కాలి పైకి పాకుతుంటే కొంగు నోట్లో కుక్కుకున్నాను గానీ ఎవరికీ చెప్పలేదు. అలా రెండేళ్ళు లాగాను.

ఒకరోజు పొద్దున మంచం దిగబోతే మోకాలు వంగలేదు. బూరెలా ఉబ్బి ఉంది. తెనాలి వెళ్ళేసరికి ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరుగారు ఈసారి ఎక్స్‌రే కిటికీకి పెట్టి చూపించలేదు. మోకాలి కీలు నిండా చీము ఉందని, ప్రాణం దక్కాలంటే తొడ మధ్యలో తియ్యాలని మా ఆయనతో చెప్పారు. "మోకాలి కింద నాలుగంగుళాలు?" అని నేను మంచం మీద నుంచే అడిగాను. ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. జాలిపడుతూ చూశారు, అదే నాకు కోపం తెప్పించింది.

తీసేశాక పదిహేను రోజులకు జ్వరం ఆగింది. ఐదేళ్ళ తర్వాత మొదటిసారి వాసన లేకుండా అన్నం తిన్నాను. ఇంటికి రాగానే మా అమ్మాయి వచ్చి నా పక్కలో పడుకుంది. ఇంత సుఖాన్ని ఇన్నేళ్ళు ఎందుకు వద్దన్నానా అని గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

ఆ సుఖం ఎన్నాళ్ళో లేదు. కట్టుడుకాలు వచ్చాక కడుపుమంట మళ్ళీ మొదలైంది. నాది తొడ నుంచి కింది దాకా మొత్తం చెక్కే. నడుముకు పట్టాతో కట్టుకోవాలి. నడిచేటప్పుడు కర్రలా బిగిసి ఉంటుంది. కూర్చోవాలంటే పక్కన మీట లాగితే వంగుతుంది. అడుగు వెయ్యాలంటే తుంటి పైకెత్తి కాలిని పక్క నుంచి ఈడ్చాలి. నాలుగడుగులకే చెమట పట్టేది.

నడక నేర్పింది ఆమే. ఎవరూ చెప్పలేదు, తనే వచ్చింది. "ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కట్టుడుకాలు. బరువంతా కర్ర మీదే వెయ్యబాక అక్కయ్యా, నా భుజం పట్టుకో" అంటూ రోజూ సాయంత్రం అరుగు ముందు నడిపించేది. నేను అన్న పాత మాట ఆమెకు గుర్తుందో లేదో తెలియదు. నాకు ప్రతి అడుగుకీ గుర్తొచ్చేది.

ఒక సాయంత్రం అరుగు మెట్ల దగ్గర ఆగాం. "ఇదుగో, ఇట్టా వంచి పైకి తీసుకో, అంతే" అంటూ ఆమె ఎడమ మోకాలు వంచి పై మెట్టు మీద పెట్టి చూపించింది. పెట్టాక ఆమెకే గుర్తొచ్చినట్టుంది, నాకు వంచడానికేమీ లేదని. గబుక్కున కాలు దించేసింది.

నేను మెట్టు మీద కూలబడి ఏడ్చాను. ఇంకా దాచుకునే ఓపిక లేదు. "నీ మోకాలు చూస్తుంటే నాకు కడుపు మండిపోతోందే" అన్నాను.

ఆమె నా పక్కన కూర్చుంది. "మండనీ అక్కయ్యా. నీ పాదం చూసి నేను ఎన్నేళ్ళు ఏడ్చానో నీకు తెలియదు" అంది.

"తెలుసు" అన్నాను. "తెలిసే నీ ఎదురుగా కాళ్ళు చాపుకుని కూర్చునేదాన్ని."

ఆమె నన్ను లేపడానికి చెయ్యి చాచింది. అంతకుముందు తను లేచింది, మోకాలు వంచి, చెయ్యి ఎక్కడా ఆనించకుండా, ఎంతో తేలిగ్గా. చెయ్యి అందుకోవాల్సిన నేను, ఆ లేవడాన్నే చూస్తూ కూర్చున్నాను.